సరిహద్దు దాటి రాసిన పేరు

నా తమ్ముడి భార్య నెట్టా డాడ్స్ ఇరవై రెండేళ్ళు మా బెర్విక్ కోర్టు తుడిచింది. తుడవడమంటే చీపురు తిప్పి పోవడం కాదు. మేజిస్ట్రేట్లు ముగ్గురిలో ఎవరి నడుముకు ఏ దిండు కావాలో దానికి తెలుసు. ముద్దాయి నిలబడే బోను కమ్మీని రోజుకు రెండుసార్లు తుడిచేది. "అక్కడ చేతులు చెమటలు పడతాయి వదినా, ముందువాడి చెమట తరవాతవాడికి అంటకూడదు" అనేది. అలాంటి మనిషి రెండు వేల పదకొండు వసంతంలో కోర్టు మాట దాటింది. దాటి, నలభై రోజులు తలుపు సందులోంచి ఉత్తరం పడిన చప్పుడైతే చాలు, గోడకు చేరగిలబడేది.

ఈ సంగతి ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్ళలో సగం మందికి ఏమీ తెలీదు, తెలిసిన సగానికి నోటికి కట్టు లేదు. అందుకని నేను రాస్తున్నాను. పదిహేనో ఏట బడి మానేసి చేపల షెడ్డులో కత్తి పట్టినదాన్ని. అక్షరం వంకరగా ఉంటే ఉంటుంది గాని మాటలో వంకర ఉండదు.

నెట్టాది మా ఊరు కాదు. సరిహద్దు అవతల, స్కాట్లాండులో, బస్సులో అరగంట దూరాన ఉన్న ఐమత్ రేవు. మా వాట్టీ దాన్ని చేసుకుంటానన్నప్పుడు మా అమ్మ మూతి ముడిచింది. "స్కాచ్ పిల్లా? జావలో ఉప్పేసుకు తాగే జాతి" అంది. పెళ్ళయిన ఏడాదికే తను కూడా ఉప్పేసుకునే తాగింది. వాట్టీ పోయి పదేళ్ళయింది. పడవ తాడు చుడుతూ చుడుతూ కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఒక్కడే కొడుకు, రోరీ. వాణ్ణి ఆ చీపురుతోనే పెంచింది. వాడు గోల్ దగ్గర నిలబడి బంతి ఆపడం మా సందులోనే నేర్చుకున్నాడు. నా కిటికీ అద్దాలు మూడు పగిలాక గాని వాడికి గురి కుదరలేదు.

మొదట మా ఊరి జట్టులో ఆడాడు. ఊరు ఇంగ్లండులో ఉన్నా మా జట్టు ఆడేది స్కాట్లాండ్ లీగులో. అవతలివాళ్ళు మమ్మల్ని ఇంగ్లీషోళ్ళని తిడతారు, ఇవతలివాళ్ళు స్కాచోళ్ళని తిడతారు. మేం ఇద్దర్నీ తిడతాం. తరవాత దక్షిణాన ఒక పెద్ద జట్టువాళ్ళు రోరీని తీసుకుపోయారు. అసలు గోల్‌కీపరుకు దెబ్బ తగిలితే దిగడానికి సిద్ధంగా కూర్చోవడం వాడి పని. ఏడాదిలో నాలుగు ఆటలు దిగితే గొప్ప. అయినా నెట్టా ప్రతి శనివారం టీవీలో ఆ బెంచీనే చూసేది. "అదిగో, చెవి గోక్కున్నాడు" అని నాకు ఫోను చేసేది.

ఆ జట్టు కెప్టెను పేరు నేనిక్కడ రాయను. భయపడి కాదు, ఇప్పటికే చాలామంది రాశారు. భార్యాబిడ్డలున్న మనిషి. టీవీలో పాడే ఒక పిల్లతో తిరిగాడు. సంగతి పత్రికలకెక్కబోతుంటే లండన్ జడ్జి దగ్గరకు పోయి ఉత్తర్వు తెచ్చుకున్నాడు. నా ఇంటి గుట్టు ఎవరూ అచ్చేయకూడదు, నా పేరెత్తకూడదు అని. అక్కడితో పత్రికలవాళ్ళు 'ఒక పేరున్న ఆటగాడు' అని రాసి ఊరుకున్నారు. పేరు లేని కథ మూత లేని కుండ లాంటిది, ప్రతివాడూ చెయ్యి పెడతాడు. ట్విట్టర్‌లో జనం ఊహలు మొదలుపెట్టారు. ఆ పాటల పిల్ల దిగిన హోటలు మెట్ల మీద మా రోరీ నిలబడిన ఫోటో ఒకటి ఎవడికో దొరికింది. జట్టంతా ఆ హోటల్లోనే దిగిందన్న మాట ఎవడూ రాయలేదు. రెండు రోజుల్లో మావాడే ఆ మనిషి అయిపోయాడు.

ఆగస్టులో వాడి పెళ్ళి. పిల్ల తండ్రి ఫోను చేసి, "ప్రస్తుతానికి హాలు మాట్లాడొద్దు" అన్నాడట. ఆటలో బెంచీ మీద కూర్చుంటే వెనకనించి జనం పాట కట్టి పాడారు. నెట్టా కొట్లో పాలు పట్టుకుని వరసలో నిలబడితే, ముందున్న ఒకావిడ పక్కావిడతో, వినబడేలాగే, "కోర్టు శుభ్రం చేస్తుందిట, కొడుకుని చేసుకోలేదు పాపం" అంది. నెట్టా పాలు అక్కడే పెట్టి వచ్చేసింది. నేనైతే పాలు ఆవిడ నెత్తిన పోసి వచ్చేదాన్ని.

రోరీతో ఫోనులో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"ఎవర్రా అది? నీకు తెలుసా?" అంది నెట్టా.

"తెలుసమ్మా. జట్టులో అందరికీ తెలుసు." వాడు పేరు చెప్పాడు.

"మరి నోరు తెరిచి చెప్పవేం? నేను కాదు, వాడూ అని?"

"ఆ ఆర్డరు మా అందరినీ కూచోబెట్టి చదివి వినిపించారమ్మా. పేరు బయటపెడితే జైలు. నేను కాదని చెప్పుకోవచ్చు, ఎవరో చెప్పకూడదు. ఉత్తినే కాదంటే ఎవడు నమ్ముతాడు? నువ్వు మాత్రం ఏం చెయ్యకు. విన్నావా? ఏం చెయ్యకు."

విననట్టే పెట్టేసింది.

డబ్బున్నవాడికి గుట్టు కాయితం మీద దొరుకుతుంది. మాలాంటివాళ్ళం కర్టెను వేసుకుంటే దొరుకుతుందనుకుంటాం. ఆ కర్టెనేమో ఊరంతా కలిసి చింపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, అబద్ధమెందుకు?

నాలుగు రోజుల తరవాత నెట్టా మా వంటింట్లోకొచ్చి కోటు విప్పకుండానే కూర్చుంది. నేను పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాలుస్తున్నాను.

"వదినా, లండన్ జడ్జి ఆర్డరు ఎక్కడిదాకా చెల్లుతుంది?"

"నన్నడుగుతావేంటే? కోర్టులో ఉండేదానివి నువ్వు."

"అదే చెప్తున్నా. ఇవాళ చెత్తబుట్టలు తీస్తుంటే లాయర్లిద్దరు మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లండు, వేల్సు వరకేనట. స్కాట్లాండులో కోర్టులు వేరు కదా, అక్కడ అది చిత్తు కాయితమట."

"అయితే?"

"అయితే స్కాట్లాండు ఎంత దూరం?"

మూడు మైళ్ళు. మా పెరట్లోంచి తుమ్మితే అక్కడి గొర్రె తలెత్తుతుంది.

ఆ క్షణాన నేను నోరు మూసుకుని రొట్టె తిప్పుకుని ఉంటే బాగుండేది. నాకేమో మా అమ్మమ్మను కన్న తల్లి గుర్తొచ్చింది. ఆ కాలంలో ఇంట్లో ఒప్పుకోని జంటలు మా ఊరినించి నడుచుకుంటూ సరిహద్దు దాటి, సుంకం గేటు దగ్గర ఎవరో ఒకరిచేత పెళ్ళి మాటలు చెప్పించుకుని, పొద్దుగూకేలోగా తిరిగి వచ్చేసేవారు. ఇక్కడి చర్చి అయ్యగారు పళ్ళు కొరుక్కునేవాడు గాని పెళ్ళి మాత్రం పెళ్ళే. మా ముత్తవ్వ అలాగే చేసుకుంది. అది మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే మాట.

"మా ముత్తవ్వ పెళ్ళి అవతల జరిగింది, ఇవతల చెల్లింది" అన్నాను. "మమ్మల్నెవరన్నా దారితప్పిన సంతానం అన్నారా?"

"అంటే అవతల చేసింది ఇవతల తప్పు కాదు."

"కాదు" అన్నాను, పెద్ద జడ్జిలాగా.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. నెట్టా చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుంది. సరిహద్దు నీలం బోర్డు వెనక్కి పోయింది.

"దాటామా?"

"దాటాం."

"బాగా దాటామా?"

"ఇంకొంచెం పోనీవే. అంచు మీద చేస్తే వాదన వస్తుంది."

ఐమత్‌లో దిగి రేవు గోడ మీద కూర్చున్నాం. నెట్టా కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోను తీసి ట్విట్టర్‌లో ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. కొట్టినదాన్ని నాకు చదివి వినిపించింది. "నేను రోరీ డాడ్స్ తల్లిని. ఆ మనిషి నా కొడుకు కాదు. ఆ మనిషి ఫలానా. దయచేసి నా కొడుకుని వదిలేయండి. నేను స్కాట్లాండ్‌లో కూర్చుని రాస్తున్నాను."

"ఎక్కువైందంటోంది వదినా. అన్ని అక్షరాలు పట్టవుట."

"దయచేసి తీసెయ్యి. వాళ్ళేం దయ చూపించారని?"

తీసేసింది. అప్పుడు పట్టింది. స్కాట్లాండ్ మాట మాత్రం తియ్యలేదు. అదే తన కవచం అనుకుంది పిచ్చిది. నేనూ అదే అనుకున్నాను, నేనింకా పెద్ద పిచ్చిదాన్ని. ఆ టోపీతో ఉన్న ఫోటో, తన సొంత పేరు, ఉన్న ఊరు, అన్నీ పెట్టి నొక్కింది. తరవాత ఐస్‌క్రీం తిన్నాం.

తిరుగు బస్సులో ఫోను డబ్బాలో పడ్డ తేనెటీగలా గుయ్యిమంటూనే ఉంది. బోర్డు దాటి ఇంగ్లండులోకి వచ్చేసరికి మూడు వందల మంది దాన్ని ఎత్తి మళ్ళీ పంపారు. సాయంత్రానికి నాలుగు వేలు. 'ఈ అమ్మకి పతకం ఇవ్వండి' అని ఒకడు. 'తల్లి కదా, అబద్ధమే చెబుతుంది' అని ఒకడు. మరొకడు మాత్రం మర్యాదగా రాశాడు: 'అమ్మా, మీరు ఎక్కడ కూర్చుని రాసినా మేం ఇంగ్లండులో చదువుతున్నామండి. ఆ స్కాట్లాండ్ మాటతో, మీకు ఆర్డరు సంగతి ముందే తెలుసని మీరే రాసి ఇచ్చారు.'

నెట్టా అది మూడుసార్లు చదివింది.

"వదినా, మీ ముత్తవ్వ పెళ్ళి…"

"మా ముత్తవ్వ దగ్గర ఫోను లేదే" అన్నాను. అప్పటికి గాని నాకు వెలగలేదు.

ఆ వారమే టీవీలో చెప్పారు. ఆ పేరు బయటపెట్టినవాళ్ళెవరో వివరాలు ఇమ్మని జడ్జి ఆ ట్విట్టర్ కంపెనీని అడిగాడట. ఆర్డరు తెలిసి కూడా దాటినవాళ్ళకి జైలు పడొచ్చుట. అప్పటినించి నెట్టాకి తిండి సహించలేదు. ఒక చేతిసంచీలో గౌను, మాత్రలు, పళ్ళ బ్రష్షు సర్ది తలుపు వెనక పెట్టింది. పిల్లిని తెచ్చి మా ఇంట్లో వదిలింది. పోలీసులొస్తే దుమ్ము చూసి నవ్వుతారని అల్మరాల వెనక కూడా తుడిచింది. జైలుకన్నా దానికి కోర్టు మీదే దిగులు. "నేను తుడిచే బోనులో నేనే నిలబడితే ఆ మేజిస్ట్రేట్ల మొహం ఎలా చూస్తాను?" అనేది. జైలు తప్పినా ఆ పనిలో మాత్రం ఉంచరని దానికి అనుమానం.

"తీసెయ్యవే దాన్ని" అన్నాను.

"తీసేస్తే రోరీయేనని ఒప్పుకున్నట్టు."

"వేలమంది రాశారుగా, అందర్నీ పట్టుకుంటారా?"

"వాళ్ళు దొంగ పేర్లతో రాశారు వదినా. నేనొక్కదాన్నే టోపీ పెట్టుకుని రాశాను."

ఇక తట్టుకోలేక కోర్టు బంట్రోతు హెస్లప్‌ని అడిగింది. పేర్లు పిలిచే మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసు, మీసాల చివర్లు మైనం పెట్టినట్టుంటాయి.

"నాకు తెలిసినావిడ ఒకావిడ ఉందండీ…" అని మొదలుపెట్టిందట.

"ఆవిడ టోపీకి ఊదా రంగు పువ్వుంటుందా?" అన్నాడట హెస్లప్.

నెట్టా తుడుపుగుడ్డ పట్టుకుని నేల చూసింది.

"చూడమ్మా నెట్టా, పక్కింటి పెరట్లో నిలబడి గొట్టంతో నీళ్ళు కొడితే, తడిసినవాడు ఏ ఇంట్లో ఉన్నాడనే చూస్తారు. కొట్టినావిడ ఎక్కడ నిలబడిందని కాదు. నేను లాయర్ని కాదు. కానీ నేనైతే ఈ మాట ఇంకెవర్నీ అడగను."

అది ఓదార్పో హెచ్చరికో తేల్చుకోలేక నెట్టా ఇంకో వారం నలిగింది.

అప్పుడు రోరీ ఫోను చేశాడు. మొదట తిట్టాడు. తరవాత, అసలు మనిషెవరో అందరికీ తెలిసిపోయిందని, పిల్ల తండ్రి క్షమించమన్నాడని, పెళ్ళి ఉన్నట్టేనని చెప్పాడు. నేను చప్పట్లు కొట్టబోయాను. నెట్టా చెయ్యెత్తి ఆపింది, వాడింకా ఏదో చెబుతున్నాడు.

"కెప్టెనుకి ఎనిమిదేళ్ళ కూతురుందమ్మా. బళ్ళో పిల్లలు దాని బల్ల మీద ఆ పాటలమ్మాయి బొమ్మ అంటించారుట. వాళ్ళమ్మ బడి మాన్పించింది. కొట్టుకి కూడా పోవడం లేదుట ఆవిడ. నిన్న బట్టలు మార్చుకునే గదిలో ఆయన నా పక్కనే కూచున్నాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది."

ఫోను పెట్టేశాక నెట్టా బల్ల మీద గీతల్ని గోటితో గీకింది.

"ఆవిడా పాలు అక్కడే పెట్టి వచ్చేసి ఉంటుంది వదినా."

"ఆవిడకా గతి పట్టించింది నువ్వు కాదు, వాళ్ళాయన."

"ఆయన చేసింది ఆవిడకి తెలిసే ఉంటుంది. ఊరికి నేను చెప్పాను."

జడ్జి నోరు మూయించాడనే నాకింకా కోపం. నోరు విప్పితే ఏమయిందో కూడా చూశాను. ఈ రెండూ ఒక సంచీలో పట్టవు, ఎలా మోయాలో నాకు తెలీదు.

నెట్టా ఫోను తీసి ఆ రాతను చెరిపేసింది. అప్పటికే అది వెయ్యి చోట్లకి పాకింది, చెరిపినా ఒకటే. నాకు తెలిసిందే దానికీ తెలుసు. లేచి కోటు వేసుకుంది.

"ఎక్కడికే?"

"థర్ల్‌వెల్ గారికి చెప్పేస్తాను." కోర్టు ఆఫీసుకు పెద్ద ఆవిడ.

"మతి పోయిందా? ఎవరన్నా వచ్చి అడిగేదాకా ఉండవే! అడక్కపోతే అడక్కపోనీ!"

"ఆ ఎదురుచూడ్డమే చంపేస్తోంది వదినా. పొద్దున లేస్తే తలుపుకేసి చూడ్డం, చీకటిపడితే హమ్మయ్య ఇవాళ్టికి రాలేదనుకోడం. నలభై రోజులు. అన్నది నేను, చెప్పేదీ నేనే."

నేనూ వెంటపోయాను. పోక ఏం చేస్తాను, ముత్తవ్వ మాట చెప్పింది నేనాయె. థర్ల్‌వెల్ గారి గది బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తాయి.

నెట్టా నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. కొడుకు సంగతి, పేరు సంగతి, బస్సు సంగతి. థర్ల్‌వెల్ గారు మధ్యలో అడ్డు రాలేదు.

"మిసెస్ డాడ్స్, ఆ ఉత్తర్వు మా కోర్టుది కాదు" అంది చివరకి. "లండన్‌వాళ్ళు మీ దాకా వస్తారో రారో నేను చెప్పలేను. రారనే అనుకుంటున్నాను. అది నా పరిధిలోది కాదు."

నా గుండెల మీంచి ఒక బండ దిగింది. అక్కడితో వచ్చెయ్యవే తల్లీ అని మనసులో మొక్కుకుంటున్నాను.

"ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు" అంది థర్ల్‌వెల్ గారు. "సరిహద్దు దాటి రాయాలని మీకెలా తోచింది?"

పత్రికలో చదివానని చెప్పవే. మా ఆడపడుచు చెప్పిందను, నా పేరు చెప్పు. బయట బల్ల మీద కూర్చుని నా పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"రెండో గదిలో చెత్తబుట్టలు తీస్తుంటే లాయర్లు అనుకుంటున్నారండీ. విన్నాను."

లోపల కుర్చీ జరిగింది.

"అది లాయర్లు కక్షిదారులతో మాట్లాడుకునే గది. అక్కడ చెవిన పడ్డ మాట గడప దాటకూడదని మీరు సంతకం పెట్టారు."

"పెట్టానండీ. ఇరవై రెండేళ్ళలో ఇదొక్కటే దాటింది."

"నాకు తెలిసింది ఇదొక్కటే" అంది థర్ల్‌వెల్ గారు. ఆ మాట కటువుగా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పాక తెలియనట్టు ఉండలేను. తాళాలు ఇక్కడ పెట్టండి."

తాళాల గుత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు విన్నాను. నెట్టా బయటికొచ్చింది. నేను ఏదో అనబోయాను. "వద్దు వదినా, ఆవిడ న్యాయంగానే మాట్లాడింది" అంది. మా ఇంటి పిల్ల పని పోగొట్టుకుని అవతలివాళ్ళ న్యాయం చెబుతోంది! నేను థర్ల్‌వెల్ గారి గదిలోకి దూసుకుపోవాల్సింది. పోలేదు.

మెట్లు దిగుతుంటే వెనకనించి హెస్లప్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మీసం ఒక పక్క వాలిపోయింది.

"నెట్టా, నెట్టా! కింద బాయిలరు మళ్ళీ ఆరిపోయింది. రేపు కోర్టుంది. నువ్వేం చేసేదానివి దానికి?"

నేను ఆ మనిషికి గట్టిగానే గడ్డి పెట్టబోయాను. నెట్టా అప్పటికే వెనక్కి తిరిగింది.

"ఎర్ర మీట ముట్టుకోకండి, అందరూ అదే నొక్కి పాడుచేస్తారు. ముందు కిటికీ తెరవండి. పక్కన చిన్న పంపుంది, అది సగం తిప్పి ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. గబగబా కాదు, నెమ్మదిగా. అప్పుడు కింద గుండీ. నొక్కి పట్టుకోవాలి, మంట నీలంగా అయ్యేదాకా వదలకూడదు. పసుపుగా ఉంటే మళ్ళీ మొదటినించీ."

"సగం అంటే ఎంత?"

"మీ మణికట్టు నొప్పి పెట్టేంత. రాసుకోండి హెస్లప్ గారూ, మీకు గుర్తుండదు."

ఆయన జేబులు తడుముకున్నాడు. కాయితం దొరకలేదు. నెట్టా తన చేతిసంచీలోంచి ఒకటి తీసి, మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని తనే రాయడం మొదలుపెట్టింది. నేను దాని కోటు అంచు పట్టుకుని పక్కన నిలబడ్డాను. పంపు, గుండీ, మంట రంగు, అన్నీ వరసగా రాసింది. కింద ఎవరిదీ పేరు రాయలేదు.